అక్కల్ని ఎవరు ఎంపిక చేస్తారు?

కిందటి వేసవిలో మా చెల్లెలి కూతురు టెక్సస్ నుంచి తణుకు వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడే కొంచెం తడుముకుంటుంది. ఒక సాయంత్రం కరెంటు పోయి ఇద్దరం వీధి అరుగు మీద కూర్చున్నాం. "పెద్దమ్మా, వచ్చే ఏడాదికి నన్ను రిక్రూట్‌మెంట్ కౌన్సిలర్‌గా సెలెక్ట్ చేశారు" అంది సంబరంగా. ఏదో కంపెనీలో ఉద్యోగం అనుకున్నాను. "జీతం ఎంతిస్తారే?" అని అడిగాను. అది పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత గంటసేపు అది చెప్పిన విషయాలు విన్నాక నాకు నవ్వు రాలేదు. పధ్నాలుగేళ్ల క్రితం నేను సంతకం పెట్టిన ఒక కాగితం గుర్తొచ్చింది. ఈ వ్యాసం ఆ కాగితం గురించే.

ముందు అమెరికా సంగతి చెప్పాలి. అక్కడి కాలేజీల్లో సొరోరిటీలని ఆడపిల్లల సంఘాలుంటాయి. గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టుకుని, చాలాచోట్ల ఒకే ఇంట్లో కలిసి ఉంటూ, ఒకరినొకరు 'సిస్టర్' అనుకునే సంఘాలు. ఆడపిల్లలు చదువుకోవడమే వింతగా ఉన్న కాలంలో, 1867, 1870 ప్రాంతాల్లో మొదటివి పుట్టాయి. మగపిల్లల సంఘాల్లో చోటు లేదు కనక తమవి తాము పెట్టుకున్నారు. మొదట్లో వాటినీ 'ఫ్రటర్నిటీ' అనే పిలిచేవారు. 1874లో సిరక్యూస్‌లో మొదలైన గామా ఫై బీటా కోసం లాటిన్ బోధించే ఒక ప్రొఫెసర్ 'సొరోరిటీ' అన్న మాట కల్పించాడంటారు. సోదరీత్వానికి పేరు పెట్టింది కూడా ఒక మగ పంతులేనన్నమాట! కొత్త అమ్మాయిల్ని చేర్చుకోవడంలో ఈ సంఘాల మధ్య పోటీ ముదిరింది. దానికి నియమాలు పెట్టుకోవడానికే 1902లో ఏడు సంఘాలు కలిసి కూర్చున్నాయి. అదే ఇప్పటి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌కి మొదలు.

ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో కొత్త అమ్మాయిలు ఈ ఇళ్లన్నీ తిరుగుతారు. ప్రతి ఇంట్లోనూ మాటలు, పాటలు, నవ్వులు. ప్రతి దశ తర్వాతా అమ్మాయిలు తమకి నచ్చిన ఇళ్లు రాసిస్తారు. ఇళ్లు తమకి నచ్చిన అమ్మాయిల పేర్లు రాసిస్తాయి. రెండూ కలిసినచోట పిలుపు వస్తుంది. కలవనిచోట ఏడుపు. ఆ రోజుల్లో కొత్తవాళ్లని గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకి ఒకరిద్దరు సీనియర్లని తోడు ఇస్తారు. వాళ్లే రిక్రూట్‌మెంట్ కౌన్సిలర్లు. దారి చూపించడం, సందేహాలు తీర్చడం, పిలుపు రాని పిల్లని ఓదార్చడం వాళ్ల పని.

ఆ పనికి ఎంపిక ఎలా జరుగుతుందో మా పిల్ల చెప్పింది. ముందు ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలి. మార్కులు కొంతకి తగ్గకూడదు. తన సంఘంలో పేరు చెడి ఉండకూడదు. తర్వాత ఇంటర్వ్యూ. ఎంపికయ్యాక కొన్ని నెలల శిక్షణ. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. ఎంపికలు జరిగినన్నాళ్లూ ఆ అమ్మాయి తన ఇంటితో సంబంధం తెంచుకోవాలి. తన సంఘం అక్షరాలున్న చొక్కా వేసుకోకూడదు. తనది ఏ ఇల్లో జూనియర్లకి చెప్పకూడదు. ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఉన్న పాత ఫొటోలు కనపడకుండా చెయ్యాలి. తన ఇల్లు ఎవర్ని చేర్చుకోవాలో తేల్చే సమావేశానికి వెళ్లకూడదు.

"ఇంటర్వ్యూలో ఏమడిగారే?" అన్నాను.

"నీ గ్రూపులో అమ్మాయికి మీ ఇల్లే కావాలి, మీ ఇంటివాళ్లకి ఆ అమ్మాయి వద్దు. నువ్వేం చేస్తావు అని అడిగారు పెద్దమ్మా."

నాకు ఆ ప్రశ్న నచ్చింది. నిజం చెప్పాలంటే, అసూయ కలిగింది. దారి చూపించేవాళ్లకి కూడా ఒక పక్షం ఉంటుందనీ, అది జూనియర్ మెడకి చుట్టుకునే ప్రమాదం ఉందనీ ఆ పద్ధతి ముందే ఒప్పుకుంటోంది. ఒప్పుకుని, దాన్ని కాసేపు పక్కన పెట్టమంటోంది. మన దగ్గర ఇలాంటి పనికి ఎంపికలు చేసేటప్పుడు ఆ ఒప్పుకోలే లేదు.

అయితే మెచ్చుకోవడం దగ్గరే ఆగిపోతే విమర్శ కాదు. పక్కన పెట్టగల ఇల్లు ఏది, పెట్టలేనిది ఏది? చొక్కా మీది అక్షరాలు దాచుకోవచ్చు. ఒంటి రంగు దాచుకోలేం కదా. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. దక్షిణాసియా అమ్మాయిలు 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా పెట్టుకున్నారు. అందరికీ తెరిచి ఉన్నాయనే ఇళ్లలో నిజంగా చోటుంటే ఇన్ని వేరు కుంపట్లు ఎందుకు పెట్టుకుంటారు? 2013 సెప్టెంబరులో అలబామా విశ్వవిద్యాలయం విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ వైట్ ఒక కథనం వేసింది. మంచి మార్కులూ మంచి పేరూ ఉన్న ఒక నల్లజాతి అమ్మాయికి, తెల్లవాళ్ల సొరోరిటీల్లో ఒక్కదాని నుంచి కూడా పిలుపు రాలేదు. చేర్చుకుందామని లోపలున్న అమ్మాయిలు కొందరు అడిగినా, ఎప్పుడో చదివి వెళ్లిపోయిన పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారని ఆ అమ్మాయిలే బయటపెట్టారు. గొడవ దేశమంతా పాకాక విశ్వవిద్యాలయం చేరికలను మళ్లీ తెరిపించింది.

అలాంటి చోట కౌన్సిలర్ పక్షపాతం లేకుండా ఉండి ఏం లాభం? తలుపు మూసేవాళ్లు లోపల ఎక్కడో ఉంటారు. ఆమె బయట నిలబడి కన్నీళ్లు తుడుస్తుంది. ఆమె మంచితనం చూసి, తలుపు కూడా మంచిదేనేమో అనుకుని పిల్లలు వెళ్లిపోతారు. ఈ మాట మా పిల్లతో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నువ్వు కాలేజీలో పనిచేశావు కదా పెద్దమ్మా, మీ దగ్గర ఎలా సెలెక్ట్ చేసేవారు?" అంది.

అక్కడ దొరికిపోయాను.

మన కాలేజీల్లో సొరోరిటీలు లేవు. ఉన్నవి హాస్టళ్లు, సీనియర్లు, ర్యాగింగు. 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. 2009 మార్చిలో హిమాచల్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాక, ఆ జూన్‌లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు ఇచ్చింది. హెల్ప్‌లైన్లు, కమిటీలు, పిల్లలూ తల్లిదండ్రులూ రాసివ్వవలసిన హామీపత్రాలు అందరికీ గుర్తున్నాయి. అందులోనే ఇంకొక సంగతి ఉంది. ప్రతి సంస్థా విద్యాసంవత్సరం చివర్లో ఒక మెంటరింగ్ సెల్ పెట్టాలి. వచ్చే ఏడాది చేరబోయే ప్రతి ఆరుగురికీ ఒక సీనియర్ తోడుగా ఉండాలి. అలాంటి ఆరుగురు తోడులకి పై తరగతి నుంచి మళ్లీ ఒక తోడు. ఈ పనికి విద్యార్థులు తమంతట తాము ముందుకు రావాలని నిబంధనలో స్పష్టంగా ఉంది.

భయపెట్టే సీనియర్ స్థానంలో తోడుండే సీనియర్ని నిలబెట్టాలన్న ఆలోచన మంచిది. ఎవరు తోడవుతారన్నది మాత్రం సంస్థల చేతుల్లోకి పోయింది. మన రాష్ట్రంలో కాలేజీ యూనియన్ ఎన్నికలు దశాబ్దాల కిందటే ఆగిపోయాయి. తమ మనిషిని తాము ఎన్నుకునే అలవాటు పిల్లలకి లేదు. వాళ్లని ఎన్నుకోనిచ్చే అలవాటు మాకూ లేదు. క్లాసు లీడర్ దగ్గర్నుంచి అన్నీ నియామకాలే. అందుకని 'ముందుకు వచ్చినవాళ్లు' అన్న మాట మా నోటీసు బోర్డు మీదికి వచ్చేసరికి 'ఎంపిక చేయబడినవారు' అయింది. కర్మణి వాక్యంలో కర్త కనపడడు. తెలుగు పాఠం చెప్పేదాన్ని, నాకైనా తట్టాలి కదా. తట్టలేదు.

అది 2011. నేను పనిచేసిన మహిళా కాలేజీ హాస్టల్లో ఆ ఏడు నూట ఇరవై మంది కొత్త పిల్లలు చేరతారని అంచనా. ఆరుగురికి ఒకరు చొప్పున ఇరవై మంది మెంటర్లు కావాలి. అత్తిలి, ఇరగవరం, పెనుగొండ చుట్టుపక్కల పిల్లలు బస్సుల్లో వచ్చి పోయేవారు. హాస్టల్లో ఉండేది ఎక్కువగా దూరం నుంచి వచ్చినవాళ్లే. ఎంపిక కమిటీలో ప్రిన్సిపాల్, వార్డెన్, ఇంగ్లీషు మేడమ్, నేను. నలుగురం ఆడవాళ్లమే.

ఆ దరఖాస్తు ఫారాన్ని ఇప్పుడొక రచనలాగా చదువుతున్నాను. పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, కులం, ఇంటర్ చదివిన మీడియం, మార్కులు, హాజరు శాతం. చివర 'ప్రవర్తన' అని ఒక గడి, దాని పక్కన వార్డెన్ సంతకం. తల్లి పేరుకి చోటు లేదు. 'నువ్వు ఈ పని ఎందుకు చెయ్యాలనుకుంటున్నావు' అన్న ప్రశ్నే లేదు. టెక్సస్‌లో అమ్మాయిని తన ఇల్లు దాచుకోమన్నారు. మా ఫారం మాత్రం నీ ఇల్లు ఏదో సిరాతో రాసి ఇమ్మంది. రాసిచ్చాక, దాన్ని కాస్త పక్కన పెట్టి పనిచెయ్యి అని ఎవరికీ చెప్పలేదు. అది పక్కన పెట్టవలసినదని మాకే తోచలేదు.

ఇంటర్వ్యూలో అందరినీ ఒక ప్రశ్న అడిగాం. "జూనియర్ నీకు రహస్యంగా ఏదైనా చెబితే వార్డెన్ మేడమ్‌కి చెబుతావా?" దాదాపు అందరూ "చెబుతాను మేడమ్" అన్నారు. ఒక అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించింది. "చెప్పచ్చా అని ముందు ఆ అమ్మాయినే అడుగుతాను మేడమ్" అంది. వార్డెన్ గేటు పుస్తకం తెరిచింది. ఆ అమ్మాయి మూడుసార్లు ఆలస్యంగా వచ్చినట్టు రాసి ఉంది. ఎందుకని అడిగితే, ఒకసారి జ్వరం వచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాననీ, రెండుసార్లు ఊరికెళ్లే పిల్లల్ని బస్సెక్కించి వచ్చాననీ చెప్పింది. 'ప్రవర్తన' గడిలో ఏం రాయాలో అప్పటికే తేలిపోయింది. 'తగదు' అని రాశారు. నలుగురం సంతకాలు పెట్టాం. మూడో సంతకం నాది.

ఇప్పుడు ఆలోచిస్తే, తోడుండడం అంటే ఏమిటో అంతకుముందే చేసి చూపించిన ఒక్క పిల్లనే మేం వద్దన్నాం. ఆమె చేసిన మంచిపనులు మా పుస్తకంలో ఆలస్యాలుగా నమోదయ్యాయి.

ఆ ఏడాది బుట్టాయగూడెం అవతల ఒక కోయ గూడెం నుంచి ఒక అమ్మాయి చేరింది. వాళ్ల ఊరి నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి ఆడపిల్ల. సెప్టెంబరు నెలలో వాళ్ల నాన్న వచ్చి, ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని కూతుర్ని తీసుకెళ్లిపోయాడు. రిజిస్టరులో 'ఇమడలేకపోవడం' అని కారణం రాశారు. మంచి తెలుగు మాటే. తప్పంతా ఇమడలేనివాళ్లదేనని చెప్పేస్తుంది.

అసలు సంగతి నాకు నెల తర్వాత వంటచేసే ఆవిడ చెప్పింది. గదిలో పిల్లలు ఆ అమ్మాయి కంచం, గ్లాసు విడిగా పెట్టమన్నారట. బిందెలో నీళ్లు తను ముంచుకోకూడదన్నారట. అన్నాల దగ్గర ఆ పిల్ల పక్కన రోజూ కూర్చున్నది ఒక్కరే, మేం 'తగదు' అన్న అమ్మాయి. మేం ఎంపిక చేసిన మెంటర్‌ని పిలిచి అడిగాను. నిజంగా మంచి పిల్ల. తొంభై శాతం హాజరు. "నాకు తెలుసు మేడమ్. కానీ చెబితే హాస్టల్లో గొడవవుతుంది కదా. అందుకని ఆ అమ్మాయి సర్దుకోలేకపోతోందని మాత్రం వార్డెన్ మేడమ్‌కి చెప్పాను" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "గొడవలు రానివ్వననే కదా మేడమ్, నన్ను తీసుకున్నారు" అంది.

ఆ పిల్లని నేనేమీ అనలేకపోయాను. మేం పెట్టిన పరీక్షలో అది నిజాయితీగానే నెగ్గింది. మెంటర్ కావాలని నోటీసు వేసి, వార్డెన్‌కి ఇంకో రెండు కళ్లు కావాలని ఎంపిక చేసుకున్నది మేమే.

ఇక్కడ 'అక్క' అనే మాట గురించి ఆగి ఆలోచించాలి. మన కాలేజీల్లో జూనియర్లు సీనియర్లని 'అక్కా' అనే పిలుస్తారు. అమెరికా వాళ్లలాగా మనకి లాటిన్ పంతులు అక్కర్లేకపోయింది. కానీ ఇంట్లో అక్క ఎవరు? చెల్లెలికి జడ వేసేదీ అక్కే, చెల్లెలు వీధిలో ఎవరితో నవ్విందో అమ్మకి చెప్పేదీ అక్కే. ప్రేమ, నిఘా ఒకే పిలుపులో ఉన్నాయి. పితృస్వామ్య కుటుంబం పెద్ద కూతురికి అప్పగించే పని అదే. తను పొందని స్వేచ్ఛ చెల్లెలికి దక్కకుండా కాపలా కాయడం. మేం హాస్టల్లో చేసింది ఆ ఇంటిని తెచ్చి మళ్లీ కట్టడమే. స్త్రీలు స్త్రీలని ఎంపిక చేస్తే అది దానంతటదే సోదరీత్వం అయిపోదని మన పత్రికల్లో ఎన్నోసార్లు రాసుకున్నాం. దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలు మనకి గట్టిగానే చెప్పారు. నేనూ తలూపాను. తలూపడానికీ సంతకం పెట్టడానికీ మధ్య దూరం ఎంతో ఆ రోజు తెలిసింది.

మన కథలూ సినిమాలూ ఈ విషయంలో మనకి పెద్దగా సాయం చెయ్యలేదు. 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' చూసి మా పిల్లలంతా మురిసిపోయారు. అందులో సీనియర్ అమ్మాయి ఉంది. ఆమె మనకి గుర్తుండేది ఎక్కువగా ఒక జూనియర్ అబ్బాయి ప్రేమకథలోంచే. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆమె ఏమవుతుందన్న ప్రశ్న ఆ సినిమాకి ముఖ్యం కాలేదు. మన సాహిత్యంలో అత్తాకోడళ్ల గురించీ తల్లీకూతుళ్ల గురించీ ఉన్నంత రాత, హాస్టల్లో ఒక సీనియర్‌కీ జూనియర్‌కీ మధ్య బంధం గురించి ఉందా? నాకు గుర్తున్నంతలో చాలా తక్కువ. రాయని బంధాన్ని సంస్థ తన ఫారంతో నింపుకుంటుంది.

మా గోదావరి జిల్లాల్లో ఆడపిల్లలకి చెప్పే కథ ఒకటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీర్‌గా నిలబడింది. టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే లోపలికి పోనిచ్చింది. క్రమశిక్షణకి ఉదాహరణగా ఈ కథని నేను ఎన్ని సభల్లో చెప్పానో! మా వార్డెన్ కూడా చెప్పేది. ఇప్పుడు అదే కథ నాకు వేరేగా కనిపిస్తోంది. దుర్గాబాయి నియమం పాటించిందన్నది సగం మాటే. తనకన్నా ఎంతో పెద్దవాడి మీద దాన్ని అమలుచేసింది. మేం మా పిల్లలకి నేర్పిన నియమం తమకన్నా చిన్నవాళ్ల మీద మాత్రమే పనిచేసేది. గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయిని అంచనా కట్టాలంటే, ఆమె ఎవర్ని ఆపగలదో, ఎవరికోసం ఆలస్యంగా రాగలదో చూడాలి. మేం హాజరు శాతం చూశాం.

మళ్లీ అలాంటి కమిటీలో కూర్చునే అవకాశం నాకు రాదు. రిటైరయ్యాను. కూర్చునేవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను. 'ప్రవర్తన' గడి తీసెయ్యండి. ఎవరు తోడుంటే బాగుంటుందో కిందటేడు కొత్తగా వచ్చిన పిల్లల్ని అడగండి. వంటావిడని అడగండి. రాత్రిపూట ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో ఆవిడకి తెలిసినంత మనకి తెలియదు. గేటు పుస్తకంలో ఆలస్యాల్ని కారణాలతో సహా చదవండి. 'నీ ఇంటివాళ్లు వద్దన్న అమ్మాయి నీ దగ్గరికొస్తే ఏం చేస్తావు' అన్న టెక్సస్ ప్రశ్నని అరువు తెచ్చుకుని, ఇల్లు అన్నచోట కులం అని వేసి అడగండి. ఆ ప్రశ్న అడిగేముందు కమిటీలో కూర్చున్న మనం కూడా దానికి జవాబు చెప్పుకోవాలి. నలుగురం సంతకాలు పెట్టిన ఆ రోజు మా నలుగురి ఇళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. అడిగితే నలుగురివీ ఒకే వీధిలో ఉన్నాయని తేలేది.

ఇదంతా విని మా పిల్ల, "ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది పెద్దమ్మా?" అని అడిగింది. ఏ అమ్మాయి అని అడగబోయి ఆగిపోయాను. మేం వద్దన్న అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. రెండేళ్ల క్రితం బస్టాండులో నన్ను గుర్తుపట్టి పలకరించింది. ట్రంకు పెట్టెతో వెళ్లిపోయిన అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆ రోజుల్లో ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు. తండ్రి పేరు, ఊరి పేరు, అన్నీ ఫారంలో ఉన్నాయి.